చిక్కవెంకటప్ప నాలుక

చిక్కవెంకటప్ప చెక్కను నాకుతాడు. ఇందులో దాచాల్సిందేమీ లేదు, ఆయనా ఎన్నడూ దాచలేదు. మొద్దు కనబడితే మొద్దును, పలక కనబడితే పలకను, కుర్చీ కనబడితే కుర్చీ చేతిని బొటనవేలితో రెండుసార్లు తుడిచి, కళ్లు మూసుకుని, నాలుక కొసతో ఒక్కసారి తాకుతాడు. ఆ తర్వాత కొద్దిసేపు ఎవరూ మాట్లాడకూడదు. అప్పుడు కళ్లు తెరిచి "పాసు" అంటాడు, లేకపోతే "ఫెయిలు" అంటాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. కళ్లకు శుక్లాలు వచ్చాయి, మోకాళ్లు మొరాయిస్తున్నాయి, చెవులు తమకిష్టమైన మాటలే వింటున్నాయి. నాలుక మాత్రం నిక్షేపంగా ఉంది.

ఆ నాలుక ఉద్యోగం చేసే చోటు కోలారు జిల్లాలో శ్రీనివాసపురం నుంచి ముళబాగిలు పోయే రోడ్డులో ఉన్న మామిడి చెక్క సామాన్ల కార్ఖానా. యజమాని సోమశేఖర్‌ది తరాలుగా మామిడి తోటల కుటుంబం. కాపు తగ్గిన ముసలి చెట్లను ఇటుక బట్టీలకు అమ్మడానికి మనసొప్పక, వాటితో బల్లలూ కుర్చీలూ చేయించి అమ్మడం మొదలుపెట్టాడు. మొదట బెంగళూరుకు పంపాడు, తర్వాత దుబాయికి పంపాడు. కోత మిల్లు, పలకలు ఆరబెట్టే గది, రంగుల షెడ్డు, నలభై మంది పనివాళ్లు, వాళ్లందరికీ పెద్ద మేస్త్రి చిక్కవెంకటప్ప.

శ్రీరక్ష అక్కడ ఎగుమతి కాగితాలు చూసే ఉద్యోగానికి చేరిన రోజున, కేజీఎఫ్ నుంచి రెండు బస్సులు మారి వచ్చి గేటు దాటేసరికి, తలుపు రెక్కను నాకుతున్న ముసలాయన ఎదురయ్యాడు. ఆమె వెనక్కి తిరిగి బోర్డు మరోసారి చదువుకుంది. చిరునామా సరైనదే.

"ఏం చేస్తా ఉండారు తాతా?"

"చూస్తా ఉండాను."

"నాలుకతోనా?"

"కండ్లకి పొర కమ్మింది. చేతులు కాయలు కాసి మొద్దుబారినాయి. ఇంగ దేంతో చూడమంటావమ్మా?" అని, ఆమె సంచీలోంచి బయటికి తొంగిచూస్తున్న రూళ్లకర్రను అడగకుండానే లాగి, తుడిచి, నాకాడు. "బర్మా టేకు. మంచి సరుకే. బాగా సిరా తాగిండాది. దీన్ని వాడినాయనది ఎడం చెయ్యి."

శ్రీరక్ష నవ్వి రూళ్లకర్రను మళ్లీ సంచీలో పెట్టుకుంది. అది గనుల ఆఫీసులో గుమాస్తాగా చేసిన ఆమె తాతగారిది. ఆయన పోయేనాటికి ఈమెకు ఏడాది. సాయంత్రం ఇంటికెళ్లి డెట్టాల్‌తో రూళ్లకర్రను కడుగుతూ, జరిగింది వాళ్లమ్మ జలజతో చెప్పింది. జలజ చేతిలో గరిటె ఆగిపోయింది.

"మీ తాతది ఎడం చెయ్యేనే. పుర్ర చేత్తో రాస్తాడని ఆఫీసులో ఎగతాళి చేస్తా ఉండిరి. ఆ ముసలాయనకెట్ల తెలిసింది?"

మర్నాడు అడిగితే చిక్కవెంకటప్ప చాలా మామూలుగా చెప్పాడు. "ఒగ అంచు వగరుగా ఉండాది, ఇంగో అంచు చప్పగా ఉండాది. అంతే." శ్రీరక్ష రూళ్లకర్రను తిప్పి తిప్పి చూసుకుంది. బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన పిల్ల, ఇలాంటివి నమ్మకూడదని తనకు తానే చెప్పుకుంది. వారం తిరగకుండానే నమ్మేసింది.

నమ్మించింది ఆంజినప్ప తెచ్చిన లోడు. ఆంజినప్ప తోటల వెంట తిరిగి మొద్దులు కొని లారీలో తోలుకొచ్చే మనిషి. అంతా శ్రీనివాసపురం బాదామి మామిడి చెట్లేనని ప్రమాణం చేశాడు. చిక్కవెంకటప్ప పదకొండు మొద్దులు వరసగా నాకి, ఎనిమిదోదాని దగ్గర ఆగాడు.

"ఇది మన పక్కది కాదు. సుగటూరు దిక్కున పెరిగింది. పక్కన నీలగిరి తోపు ఉండాది, నీల్లన్నీ అదే తాగేసింది. పాపం, దప్పికతోనే బతికింది ఈ చెట్టు."

"మేస్త్రీ, నువ్వు నాకు. వద్దనను. కతలు మాత్రం చెప్పొద్దు," అన్నాడు ఆంజినప్ప.

"మొద్దులు అమ్మినవానికి ఫోను చెయ్యప్పా."

చేశాడు. స్పీకరు పెట్టాడు. అవతలి వాడు కాసేపు నీళ్లు నమిలి, లోడు చాలక ఒక్క మొద్దు సుగటూరు నుంచి తెచ్చి కలిపినట్టు ఒప్పుకున్నాడు. నీలగిరి తోపు ఉందా అని అడిగితే, "ఆ సంగతి నీకెవురు చెప్పినారన్నా?" అన్నాడు. ఆంజినప్ప ఫోను జేబులో పెట్టుకోవడం మరిచి చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. షెడ్డులో రంపం ఆగింది. శ్రీరక్ష ఆ ముసలాయన నోటికేసి చూస్తూ ఉండిపోయింది.

అలాగని ఆయనతో వేగడం తేలికని కాదు. ఆరబెట్టిన పలకలమీద, ఎగుమతి నియమం ప్రకారం, ఇంగ్లీషులో 'కేడీ' అని రెండక్షరాలు ముద్ర కొట్టించింది శ్రీరక్ష. పొద్దున్నే చిక్కవెంకటప్ప ఆఫీసు గదిలోకి ఊగిపోతూ వచ్చాడు.

"ఎవురమ్మా నా పలకలమింద కేడీ అని రాసింది?"

"నేనే తాతా. గదిలో పెట్టి ఆరబెట్టిన చెక్క అని దాని అర్థం."

"పోలీస్ స్టేషన్లో ఫొటోలు పెట్టి, కింద రాసేది కూడా అదే కదా! నా పలక ఏం చేసింది? ఎవురింట్లో దూరింది? ఎవురి మెడలో గొలుసు లాగింది?"

ఆమె అరగంట నచ్చజెప్పింది. చివరికి ఒప్పుకున్నాడు కానీ ఆ రోజునుంచి పలకల పేరే మారిపోయింది. "ఆ రెండు కేడీలని ఇట్ల మోసుకు రాండప్పా. ఈ కేడీ వంకరగా ఉండాది, చిత్రిక పట్టండి." కొత్తగా చేరినవాళ్లు పారిపోకుండా ఉండటానికి మొదటి రోజే ఈ సంగతి విప్పి చెప్పాల్సి వచ్చేది.

ఊళ్లో ఆయన నాకని చెక్క తక్కువ. ముళబాగిలు బ్యాంకులో మేనేజరు గారి బల్లను నాకి, "సారూ, ఇది టేకు కాదు, పొట్టు అంటించి చేసిన అట్ట," అని అందరి ముందూ చెప్పాడు. టేకు బల్లని అందరికీ చెప్పుకుంటున్న మేనేజరు మళ్లీ ఆయన్ను లోపలికి రానివ్వలేదు. చిక్కవెంకటప్ప భార్య పిల్లమ్మను కదిలిస్తే ఇంకా పాత కథ వస్తుంది.

"నన్ను చూసేదానికి వచ్చిన పొద్దు మా నాయన పీట వేసినాడు. ఈయప్ప కూసోకుండా పీటని ఎత్తి నాకినాడు. నన్ను తలెత్తి చూసింది లేదు. పీట పాసయింది, దాంతో పాటు నేనూ పాసయినాను."

"పనస పీట అది. మల్లా అట్లాటిది దొరకలేదు," అంటాడు చిక్కవెంకటప్ప, ఇప్పటికీ ఆ పీటనే తలుచుకుంటూ.

పచ్చి చెక్కను నాకడం వరకు జనం అర్థం చేసుకున్నారు. చెట్టు జాతి తెలుస్తుంది, లోపల ఎంత తడి ఉందో తెలుస్తుంది. తయారైన సామానును కూడా ఎందుకు నాకుతాడన్నదే ఎవరికీ అంతుబట్టలేదు. అదీ నిలబడి కాదు. మొరాయించే మోకాళ్లను బతిమాలి, "అమ్మా" అని మూలిగి, నేలమీద మోకరిల్లి మరీ నాకుతాడు. ఆరడుగుల బీరువా చేస్తే దాని అడుగు భాగం నాకుతాడు. పైన ఎంత పనితనం ఉన్నా పట్టించుకోడు.

ఇందులో ఎంగిలి గొడవ కూడా ఉంది. ఊళ్లోవాళ్లు, "మేస్త్రి ఎంగిలి చేసిన మంచంమింద ఎట్ల పండుకునేదప్పా?" అని సోమశేఖర్ దగ్గర గునిసేవాళ్లు. సోమశేఖర్ బతిమాలి చూశాడు, కోప్పడి చూశాడు. "సబ్బేసి కడుక్కోమని చెప్పప్పా," అనేవాడు చిక్కవెంకటప్ప. కార్ఖానాలో చేసే దేవుడి మందిరాలను మాత్రం నాకడు. భక్తి అనుకుని ఎవరో మెచ్చుకుంటే, "అది గోడకి ఎత్తున కొట్టేది కదప్పా," అన్నాడు. దేవుడి స్థానం పైనే కదా అని వాళ్లు కూడా చేతులు జోడించారు.

ఎందుకు నాకుతావని నేరుగా అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు.

"పండ్లొచ్చే కాలం ఒగటి వస్తాది కదప్పా. అప్పుడు తెలుస్తాది."

పండ్లొచ్చే కాలమట! కోసి, చీల్చి, ఆరబెట్టి, మేకులు దిగ్గొట్టిన మామిడి చెక్కకు పండ్లట! కార్ఖానాలో దీనిమీద పుట్టిన హాస్యం అంతా ఇంతా కాదు. ఏప్రిల్ రాగానే కుర్చీల కింద వెతికేవాళ్లు. "మేస్త్రీ, ఈ టీపాయి పూతకొచ్చింది," అని ఒకడంటే, "పురుగుమందు కొట్టండప్పా," అని ఇంకొకడు. ఆయన నవ్వేవాడు. వాళ్లూ నవ్వేవాళ్లు. గొప్పవాళ్లకు ఏదో ఒక మూల కాస్త తిక్క ఉండటం సహజమేనని శ్రీరక్ష సర్దుకుంది.

అలాంటి రోజుల్లో హాలండు ఆర్డరు వచ్చింది. పసిబిడ్డల మంచాలు, రెండు వందల నలభై. చుట్టూ కటకటాలు, పైన తెల్లరంగు వేసిన పట్టెలు. ఇది నచ్చితే ఏడాది పొడుగునా వాళ్లకే చేయాలి. నచ్చకపోతే సోమశేఖర్ కార్ఖానా మూసి మళ్లీ మామిడికాయలు లెక్కపెట్టుకోవాలి, నలభై మంది బెంగళూరు బస్సెక్కాలి. ఈ సంగతి అందరికీ తెలుసు కాబట్టి చిత్రిక పట్టేటప్పుడు కూడా ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

ఆ కంపెనీ తరఫున పని చూసేది మార్లేస్ అనే ఆవిడ. ఒకరోజు వీడియోలో కార్ఖానా చూపించమంది. సోమశేఖర్ ముందు చేసిన పని, చిక్కవెంకటప్పను రోడ్డు అవతలి హోటలుకు కాఫీకి పంపడం. శ్రీరక్ష ఫోను పట్టుకుని కోత మిల్లు చూపించింది, రంగుల షెడ్డు చూపించింది, తయారైన మంచం దగ్గరికి తిప్పింది. అక్కడ చిక్కవెంకటప్ప మోకరిల్లి ఉన్నాడు. కాఫీ బాగాలేదని వెనక్కొచ్చేశాడు.

"ఆ పెద్దాయన ఏం చేస్తున్నారు?" అంది మార్లేస్ ఇంగ్లీషులో.

"ఆశీర్వాదం అని చెప్పమ్మా, మా ఆచారం అని చెప్పు," అన్నాడు సోమశేఖర్ చెవిలో, చెమటలు కక్కుతూ.

శ్రీరక్షకు అబద్ధం నోట రాలేదు. "రుచి చూస్తున్నారు," అని చెప్పేసింది.

మార్లేస్ నవ్వలేదు. ఫోనుకు ముఖం దగ్గరగా పెట్టి చాలా శ్రద్ధగా చూసింది. తమ ల్యాబులో కూడా ఉమ్ముతో ఒక పరీక్ష ఉందని, అయితే ఆ ఉమ్ము మనుషులది కాదని, మందులు కలిపి తయారుచేస్తారని చెప్పింది. శ్రీరక్ష ఇదంతా తెలుగులో వినిపించింది.

"ఏందమ్మా, ఎంగిలిని కూడా కంపెనీలో చేస్తారా?" అని నోరు తెరిచాడు చిక్కవెంకటప్ప. తర్వాత ఆయనకు జాలి వేసింది. "పాపం, అంత దేశంలో నాకేదానికి ఒగ మనిసి దొరకలేదా?"

మంచాలు పూర్తయ్యాయి. కంటెయినరు లారీ పొద్దున్నే వచ్చి గేటు దగ్గర నిలబడింది. మర్నాడు మధ్యాహ్నానికి చెన్నై రేవులో ఉండాలి. శ్రీరక్ష చేతిలో ఆఖరి కాగితం ఉంది. పరీక్షలో నెగ్గిన రంగునే అన్ని మంచాలకూ వాడామని అందులో రాసి ఉంది, కింద ఆమె సంతకం చేయాలి. చిక్కవెంకటప్ప ఒక్కొక్క మంచం దగ్గర మోకరిల్లి, నాకి, "పాసు" అంటూ వస్తున్నాడు. నూట డెబ్బై దాకా పాసు. ఆ తర్వాతిదాని దగ్గర కళ్లు తెరవడం ఆలస్యమైంది.

"ఫెయిలు," అన్నాడు.

"ఏమయింది మేస్త్రీ?" సోమశేఖర్ పరిగెత్తుకొచ్చాడు.

"తీపిగా ఉండాది."

"తీపంటే మంచిదే కదా!"

చిక్కవెంకటప్ప తర్వాతి మంచం నాకాడు. దాని తర్వాతిదీ నాకాడు. "తీపి. ఇదీ తీపి. డబ్బా మార్చినారా?"

మార్చారు. నూట డెబ్బై మంచాలకు రంగు అయిపోతే, దుకాణం వాడు అదే రంగు, వేరే డబ్బా అని ఇచ్చాడు. బిల్లు మీద పేరు అదే ఉండటంతో శ్రీరక్ష కూడా మారు మాట్లాడకుండా తీసుకుంది. ఇప్పుడు అది గుర్తొచ్చి ఆమె చేతిలోని కాగితాన్ని మళ్లీ చదువుకుంది.

"ల్యాబు రిపోర్టు ఉండాది కదప్పా! పాసయిండాది!" అని గొంతు పెంచాడు సోమశేఖర్. "లారీ నిలబడిండాది! తీపి అని కంటెయినరు ఆపితే నలుగురూ నవ్వుతారు!"

"చెక్క చప్పగా ఉండల్ల, రంగు చప్పగా ఉండల్ల," అన్నాడు చిక్కవెంకటప్ప, నేలమీదినుంచి లేవకుండానే. "తీపయితే ఇంగోసారి నాకబుద్ధవుతాది. నాకబుద్ధయ్యేదే కదప్పా ఫెయిలు!"

"ఎవరికి నాకబుద్ధవుతుంది తాతా?" అంది శ్రీరక్ష.

"ఎవురికేంది? బిడ్డకి. పండ్లొచ్చే బిడ్డకి."

 శ్రీరక్ష కాగితం పక్కన పెట్టి, ఆయన పక్కనే తానూ మోకాళ్లమీద కూర్చుంది. మంచం పై పట్టె సరిగ్గా ఆయన నోటికి ఎదురుగా ఉంది.

"బిడ్డ పట్టుకోని లేచి నిలబడితే నోరు ఈడికి వస్తాది," అని పట్టెమీద వేలితో చూపించాడు. "బీరువా అయితే కింద. కుర్చీ అయితే చెయ్యి. పండ్లు మొలిచేటప్పుడు చిగుర్లు దురద కదమ్మా, ఏది అందితే దాన్ని కొరుకుతాది. నిలబడి నాకితే నా ఎత్తు తెలుస్తాది, బిడ్డ ఎత్తు ఎట్ల తెలుస్తాది?"

"తాతా... మీరు ఇన్నాళ్లూ చెప్తా ఉండింది ఈ పండ్లా?"

"మరి ఏ పండ్లు?"

"మేము మామిడి పండ్లు అనుకున్నాం!"

చిక్కవెంకటప్ప ఆమెను చూశాడు, సోమశేఖర్‌ను చూశాడు, చుట్టూ చేరిన నలభై మందినీ చూశాడు. "కోసిన చెట్టుకి పండ్లు కాస్తాయని నేను చెప్తా ఉంటే, అట్లనే ఇన్నేండ్లు తలకాయ ఊపినారా? మీకేమన్నా ఎర్రి పట్టిండాదా?" ఇన్నేళ్లూ వాళ్లు ఆయన్ను పిచ్చివాడనుకున్నారు. ఆ నిమిషంలో ఆయన వాళ్లందరినీ అదే అనుకున్నాడు.

ఎవరూ అడగకుండానే తక్కిన కథా చెప్పాడు. నలభై ఏళ్ల కిందట కొడుకు మునేష్ నడక నేర్చుకోవడానికి మూడు చక్రాల బండి చేసి, మురిపెంగా ఎర్రరంగు పూశాడు. వాడు నడవడం మానేసి బండిని కొరికాడు. నాలుగు రోజులు వాంతులు. "నేను పోయి ఆ బండిని నాకి చూసినాను. తియ్యగా ఉండింది. ఆ పొద్దునుంచి నాకకుండా ఏదీ బయటికి పంపలేదు," అన్నాడు. అందరి ముఖాలూ వాడిపోవడం చూసి, "వానికేం కాలేదులే! బెంగళూరులో ఆటో తోల్తాడు. నూట పది కేజీలు. ఎక్కితే ఆటో ఒగ పక్కకి వొంగుతాది," అని తేల్చేశాడు.

శ్రీరక్ష లేచి నిలబడింది. పేరు తెలియని ఊళ్లో, ముఖం తెలియని బిడ్డ నోటి ఎత్తును ఈ మనిషి తన మోకాళ్లతో కొలుస్తున్నాడు. ఆమెకు ఆయన్ను చూస్తే కొండను చూసినట్టు అనిపించింది. సంతకం చేయనని సోమశేఖర్‌తో చెప్పింది.

"కారణం ఏమని రాస్తావమ్మా? మా మేస్త్రి నాలిక ఒప్పుకోలేదనా?"

"అవును. అదే రాస్తాను."

సోమశేఖర్ లారీని చూశాడు, మంచాలను చూశాడు. ఆయనకూ ఇంట్లో పాకే మనవరాలుంది. ఒకసారి గట్టిగా తల గోక్కుని, లారీ డ్రైవరును ఖాళీగా తిప్పి పంపాడు. 

శ్రీరక్ష అదే మధ్యాహ్నం రంగు డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సులో బెంగళూరు ల్యాబుకు పోయింది. మార్లేస్‌కు ఉన్నదున్నట్టు రాసింది: "ఈ ఓడను అందుకోలేం. ఆఖరి డెబ్బై మంచాలు తియ్యగా ఉన్నాయని మా మేస్త్రి చెప్పారు." మూడు రోజులు ఏ జవాబూ లేదు. కార్ఖానాలో అన్నం సరిగా తిన్నవాడు చిక్కవెంకటప్ప ఒక్కడే. నాలుగో రోజు ల్యాబు రిపోర్టు వచ్చింది. రంగులో సీసం, ఆ తీపి దానిదే. ఉండకూడనంత ఉంది. ఆ సాయంత్రమే మార్లేస్ రాసింది: ఇంకో ఓడకు మూడు వారాల గడువు, పెద్దాయనకు నమస్కారం.

రంగు గీకితే పొట్టు ఊపిరిలోకి పోతుందని, డెబ్బై మంచాలకూ పట్టెలే కొత్తవి చేశారు. ఈలోగా శ్రీరక్ష చిక్కవెంకటప్పను కోలారు ఆస్పత్రికి లాక్కెళ్లి రక్తం పరీక్ష చేయించింది.

"రంగు ఎందుకు తిన్నారు?" అన్నాడు డాక్టరు.

"తినలేదు సారూ, నాకినాను."

రక్తం శుభ్రంగా ఉందని తేలింది. డాక్టరు గారి బల్ల ప్లైవుడ్డని కూడా తేలింది. ఇకమీద ప్రతి డబ్బా ముందు ల్యాబుకు పోవాలని, ఆ తర్వాతే నాకాలని శ్రీరక్ష నియమం పెట్టింది. మిషను ఎంగిలి చేసినదాన్ని తాను నాకడమా అని ఒక పూట అలిగి, చివరికి ఒప్పుకున్నాడు.

మంచాలు ఓడెక్కాయి. వాటి తర్వాత రెండో ఆర్డరు వస్తుందా రాదా అని ఎదురుచూస్తుండగా, అయిదో నెలలో మార్లేస్ దగ్గర నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది. కొన్నవాళ్లు పంపిన ఫిర్యాదు. పై పట్టెమీద గాట్లు పడ్డాయి, రంగు లేచింది, ఫొటో జతచేశాం, కారణమూ దిద్దుబాటూ రాసి పంపండి. సోమశేఖర్ అది విని కుర్చీలో కూలబడ్డాడు. "అయిపోయింది," అన్నాడు.

చిక్కవెంకటప్ప కళ్లద్దాలు పెట్టుకుని, శ్రీరక్ష ఫోనులో ఫొటోను పెద్దది చేయించుకుని చూశాడు. "ఉలి గాటు కాదు. పురుగు కాదు," అని గొణిగాడు. ఇంకా దగ్గరగా చూశాడు. ఉన్నట్టుండి ముఖమంతా వెలిగింది. "పండ్లమ్మా! పండ్లు! పైన రెండు, కింద రెండు!" ఆ కేకకు రంపాలు ఆగి అందరూ పరిగెత్తుకొచ్చారు. ఆయన వెంటనే కంగారు పడ్డాడు. "బిడ్డ బాగుండాదా? ముందు అది అడుగమ్మా."

శ్రీరక్ష అడిగింది. గంటలో జవాబు వచ్చింది. పది నెలల ఆడపిల్ల, భేషుగ్గా ఉంది, ఈ పొద్దు మళ్లీ అక్కడే కొరికింది.

"మల్లానా?" చిక్కవెంకటప్ప ముఖంలో రంగు మారింది. "మల్లా ఎందుకు కొరికింది? తీపిగా ఏమన్నా ఉండాదా?"

ఆ లోడులో నమూనాగా దాచిన మంచం ఒకటి ఆఫీసు మూలలో ఉంది. ఆయన గబగబా వెళ్లి మోకరిల్లి నాకాడు. ఎంతసేపటికీ కళ్లు తెరవలేదు. "నా నాలిక నన్ను మోసం చేస్తా ఉండాదేమో. నువ్వు చూడమ్మా."

శ్రీరక్ష ఉద్యోగంలో చేరాక కాగితం తప్ప ఇంకేదీ పరీక్షించి ఎరగదు. ఆమె చుట్టూ ఒకసారి చూసి, చున్నీ సర్దుకుని, మోకరిల్లి, పట్టెను బొటనవేలితో రెండుసార్లు తుడిచి నాకింది.

"చప్పగా ఉంది తాతా."

"నిజంగానా?"

"నిజంగా."

"జరుగమ్మా," అంటూ సోమశేఖర్ వచ్చి, ప్యాంటు మోకాళ్ల దగ్గర పైకి లాక్కుని, ఆమె పక్కన కూర్చుని తానూ నాకాడు. యజమాని కాబట్టి రెండు చోట్ల నాకాడు. "చప్పగానే ఉండాది మేస్త్రీ."

అప్పుడు గానీ చిక్కవెంకటప్ప ఊపిరి వదల్లేదు. శ్రీరక్ష బల్ల దగ్గరికి వెళ్లి ఫిర్యాదు కాగితం తెరిచింది. కారణం అన్నచోట 'పండ్లు వస్తున్నాయి' అని ఇంగ్లీషులో రాసింది, ఈసారి పండ్లంటే ఏవో పొరపాటుకు తావు లేకుండా చూసుకుంది. దిద్దుబాటు అన్నచోట కాసేపు ఆలోచించి ఇలా రాసింది: "ముగ్గురం నాకి చూశాం. ఏ రుచీ లేదు. పాపను కొరకనివ్వండి."

సోమశేఖర్ ఒకసారి చదివి, కింద కంపెనీ ముద్ర వేశాడు.